వసంతమునకు స్వరము కూర్చిన తకి రెంతారో

జపాను దేశమున విద్యాసంవత్సరము మార్చి నెలతో ముగిసి, ఏప్రిల్ నెలతో ఆరంభమగును. విద్యార్థులు గురువులకు నమస్కరించి, సహాధ్యాయులను విడిచి, బడి గుమ్మము దాటిపోవు దినములును, సకురా యనబడు చెర్రీ పూలు విరియు దినములును ఇంచుమించుగ నొక్కటియే. ఆ పూలు ఆకు తొడుగకమున్నే కొమ్మ నిండ పూయును. వారము పది దినములలో రాలిపోవును. అందుచేత ఆ దేశీయులకు వసంతమనగా పూల పండుగ మాత్రమే కాదు, వీడ్కోలు కాలము కూడ. నేటి యువకులు విద్యుత్ గిటారులతో పాడు రాక్ పాటలలో సైతము వసంతము, సకురా, ఎడబాటు అను మూడును ముప్పేటగ అల్లుకొని యుండును. స్పిట్జ్ అను బృందము 1996 ఏప్రిల్‌లో వెలువరించిన చెర్రీ యను పాటయు, రెమియోరోమెన్ అను బృందము 2004లో వెలువరించిన మార్చి 9 అను పాటయు ఇందుకు నిదర్శనములు. ఈ రెండవ పాట ఒక మిత్రుని వివాహమునకై పుట్టినను, క్రమముగ బడుల వీడ్కోలు సభలలో పాడు పాటగ స్థిరపడినది.

ఇట్టి పాటల పరంపరకు మొదట నిలిచిన కొలదిమందిలో తకి రెంతారో ముఖ్యుడు. అతడు జీవించినది 23 సంవత్సరముల 10 నెలలు మాత్రమే. అతడు చదువుకొను కాలమున జపాను బడిపిల్లలు ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకొనుటకు సైతము పరదేశపు వరుసనే ఎరువు తెచ్చుకొనవలసి యుండెను. ఆ ఎరువును తీర్చి, తన భాషకు తన స్వరమును సమకూర్చుటకు ఆ యువకుడు పూనుకొనెను. అందుకు అతనికి దొరకిన వ్యవధి మిక్కిలి స్వల్పము.

కోటగోడల నీడలో బాల్యము

రెంతారో 1879 ఆగస్టు 24వ తేదీన టోక్యో నగరమున జన్మించెను. తకి వంశమువారి స్వస్థలము క్యూషూ ద్వీపమునందలి హిజి. ఆ చిన్న సంస్థానమున వారు మంత్రిపదవుల నలంకరించిన సమురాయీ కుటుంబమువారు. 1868లో మెయిజీ ప్రభుత్వ మేర్పడిన పిదప సంస్థానములు రద్దయ్యెను. ఖడ్గధారుల ప్రాభవ మంతరించెను. రెంతారో తండ్రియైన యోషిహిరో రాజధాని చేరి, క్రొత్త ప్రభుత్వమున నుద్యోగియయ్యెను.

రెంతారో పుట్టిన 1879లోనే టోక్యోలో మఱియొక అంకురము మొలచెను. సంగీత విద్యను పరిశోధించి పాఠశాలలలో ప్రవేశపెట్టుటకై జపాను విద్యాశాఖ ఆ సంవత్సరమున ఒక ప్రత్యేక కార్యాలయమును స్థాపించెను. అదియే పెరిగి పెద్దదై 1887లో టోక్యో సంగీత పాఠశాల యయ్యెను. ఆ శిశువును ఈ సంస్థయు ఒకే యీడువారు. పదునైదేండ్ల పిదప ఇరువురును కలిసికొనిరి.

తండ్రికి బదిలీలు తప్పలేదు. యొకొహామా, తొయామా, టోక్యో, ఓయితా, తకెతా అను ఊళ్లన్నిటను కుటుంబము కాపురము మార్చుచు వచ్చెను. బడి యేర్పడి, మిత్రులు కుదిరి, మనసు నిలుకడ చెందులోపల మరల సామాను కట్టవలసివచ్చెడిది. ఉద్యోగుల బిడ్డలకు సహజమైన ఈ యెడబాటు రెంతారోకు పసితనమునుండియు పరిచితమే.

చివరకు చేరిన తకెతా కొండల నడుమ నున్న చిన్న పట్టణము. తండ్రి అచ్చటి మండలాధికారిగ నియమింపబడెను. రెంతారోకు అప్పటికి 12 ఏండ్లు. ఊరి చేరువను ఎత్తైన కొండపై ఓకా దుర్గ శిథిలములు కలవు. దీనిని మొదట 1185లో కట్టించిరని ఐతిహ్యము. శతాబ్దముల కాలము సామంత ప్రభువులకు నెలవైన ఆ కోటలోని కట్టడములను మెయిజీ ప్రభుత్వ కాలమున, 1874లో పడగొట్టిరి. మిగిలినవి రాతిగోడలు మాత్రమే. కొండ యంచున నిలిచిన ఆ గోడలపైనుండి చూచినచో దూరమున కుజూ పర్వతములు కానవచ్చును. వసంతమున రాళ్ల నడుమ సకురా పూయును. తన తాతతండ్రులు సేవించిన వ్యవస్థ ఎట్లు కూలినదో తెలిసికొనుటకు ఆ బాలుడు చరిత్ర పుస్తకము తెరువ నక్కరలేదు. బడి విడిచిన పిదప కొండ యెక్కినచో చాలును.

ఆ యూరి ఉన్నత ప్రాథమిక పాఠశాలలో ఒక ఆర్గన్ వాద్యము కలదు. ఆ కాలమున అట్టి వాద్యము పల్లెటూళ్లలో అరుదు. దానిని వాయించుటకు రెంతారోకు అనుమతి లభించెను. 1894లో అచ్చటి చదువు ముగియునప్పటికి తాను సంగీతమే నేర్వవలెనని అతడు నిశ్చయించుకొనెను. తండ్రికి ఇది మొదట నచ్చలేదు. సమురాయీ వంశమున పుట్టిన పురుషుడు వాద్యము వాయించి జీవించుట గౌరవము కాదని ఆనాటి పెద్దలు తలచెడివారు. రెంతారోకు వరుసకు అన్నయైన దాయికిచి టోక్యోలో పేరుగల వాస్తుశిల్పి. అతడు పినతండ్రికి నచ్చజెప్పి, బాలుని రాజధానికి పిలిపించుకొని, తన యింట నుంచుకొనెను. ఆ అన్న చేయూత లేకున్నచో జపాను సంగీత చరిత్ర మఱియొక తీరుగ నుండెడిది.

ఎరువు తెచ్చిన వరుసలు

రెంతారో చేసిన కార్యము విలువ తెలియవలెనన్న అతనికి ముందున్న స్థితి తెలియవలెను. బడులలో సంగీతము బోధింపవలెనని మెయిజీ ప్రభుత్వము శాసించెను గాని, బోధించుటకు పాటలు లేకుండెను. సంగీత కార్యాలయమున కధిపతియైన ఇసావా షూజీ, అమెరికాలోని బోస్టన్ నగరమునుండి లూథర్ వైటింగ్ మేసన్ అను ఉపాధ్యాయుని 1880లో రప్పించెను. వీరిరువురును కలిసి బాలుర పాటల సంపుటములను సిద్ధపరచిరి. వానిలో పెక్కు పాటలకు వరుసలు యూరప్, అమెరికా దేశములవి. మాటలు జపాను పండితులవి.

వీడ్కోలు సభలలో నేటికిని వినబడు మిణుగురుల వెలుగు అను పాట ఆ తొలి సంపుటములోనిదే. దాని వరుస స్కాట్లండు దేశపు ప్రాచీన గీతమునకు సంబంధించినది. వరుస మధురమైనదే, పిల్లలు దానిని ప్రేమించిరి. కాని స్వరము ముందు నిలిచి, మాట దానికి లొంగి నడచుట భాషకు మేలు చేయదు. జపాను భాషలో అక్షరముల హెచ్చుతగ్గు స్థాయిని బట్టి అర్థము మారుచుండును. హషి యను పదమునే ఒక విధముగ పలికినచో వంతెన, మఱియొక విధముగ పలికినచో భోజనము చేయు పుల్లలు. పరదేశపు వరుసలో ఈ హెచ్చుతగ్గులకు లెక్క లేదు. అందుచేత పాడినది పిల్లవానికి కంఠస్థమగునే గాని, మాట హృదయమున నాటదు. పద్యమును పదవిభాగము చెడగొట్టి చదివిన విద్యార్థిని సరిదిద్దిన ఉపాధ్యాయు లందఱకును ఈ చిక్కు సులభముగ బోధపడును.

ఈ స్థితిలో రెంతారో టోక్యో చేరెను. కోయామా సకునోసుకే అను సంగీతాచార్యుని యొద్ద కొన్ని నెలలు శిక్షణ పొంది, 1894 సెప్టెంబరులో, 15 ఏండ్ల ప్రాయమున, సంగీత పాఠశాలలో ప్రవేశించెను. పాఠశాల ఉయెనో ప్రాంతమున కలదు. సకురా వృక్షములకు టోక్యోలో ఉయెనోను మించిన ప్రసిద్ధి గల చోటు మఱియొకటి లేదు. 1890లో నిర్మించిన కొయ్యకట్టడపు సంగీతశాల అచ్చటి ప్రత్యేకత. రెంతారో పియానోపై చేయివేసి సభల మెప్పు పొందినది ఆ శాలలోనే.

అతనికి దొరకిన గురువులును సామాన్యులు కారు. కోదా నోబు అను విదుషి, సంగీతము నేర్చుటకై జపాను ప్రభుత్వము విదేశములకు పంపిన మొదటి వ్యక్తి. ఆమె 1889లో బయలుదేరి, బోస్టన్, వియన్నా నగరములలో అభ్యసించి 1895లో తిరిగివచ్చెను. రాఫయేల్ ఫాన్ కోబెర్ అను ఆచార్యుడు టోక్యో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించుచు, సంగీత పాఠశాలలో పియానో నేర్పుచుండెను. రెంతారో 1898లో ప్రథముడుగ నుత్తీర్ణుడై, పరిశోధక విద్యార్థిగ నిలిచి, అచిరకాలముననే పియానో బోధకుడయ్యెను. 1900లో అతడు క్రైస్తవ మతమును స్వీకరించెను.

ఒక్క సంవత్సరపు పంట

జర్మనీ దేశమున మూడేండ్లు సంగీత మభ్యసించి రావలెనని ప్రభుత్వాజ్ఞ 1900లో వెలువడెను. ప్రయాణము మాత్రము 1901 వసంతము వరకు సాగలేదు. నడుమ దొరకిన ఆ కొలది నెలలే రెంతారో జీవితమున పంటకాలము. అతనిని నేడు జ్ఞప్తియందుంచిన కృతులలో ముఖ్యమైనవన్నియు అప్పుడు పుట్టినవే.

1900 నవంబరులో నాలుగు ఋతువులు అను పేర అతని గీతసంపుటము వెలువడెను. దాని పీఠికలో అతడు తన యుద్దేశమును వినయముగ వెల్లడించెను. పాటలు నానాటికి పెరుగుచున్నను విలువగలవి అరుదని, పెక్కు పాటలు పాశ్చాత్యుల వరుసలకు జపాను మాటలను బలవంతముగ అతికించినవే యని, ఈ లోపమును కొంతయైన తీర్చుటకు తన స్వల్ప శక్తితో ప్రయత్నించితినని అతడు చెప్పుకొనెను. అప్పటి కతనికి 21 ఏండ్లు. మాటలు వినయమునకు చెందినవైనను కార్యము సాహసముతో కూడినది. జపాను కవి మాటను ముందు నిలిపి, దాని నడకకు తగిన స్వరమును జపానీయుడే పాశ్చాత్య శాస్త్రరీతిని కూర్చుట అంతకుమున్ను దాదాపు లేని పని.

ఆ సంపుటములోని నాలుగు పాటలను అతడు నాలుగు విధముల రచించెను. వసంతమునకు స్త్రీకంఠములు రెండు పాయలుగ పాడు గానము, దానికి పియానో సహకారము. గ్రీష్మమునకు ఏకకంఠ గానము. శరత్తునకు వాద్యము లేని బృందగానము. హేమంతమునకు పియానో, ఆర్గన్ వాద్యములతో కూడిన బృందగానము. శరద్గీతమునకు మాటలును రెంతారోవే. ఒక్కొక ఋతువునకు ఒక్కొక గానరీతిని చూపి, జపాను భాష వీని నన్నిటిని మోయగలదని అతడు నిరూపించెను.

వీనిలో మొదటిదైన వసంతగీతము పేరు హనా, అనగా పూవు. మాటలు తకెషిమా హగోరోమో అను కవివి. టోక్యో నగరము నడుమ పారు సుమిదా నదిలో పడవలు సాగుట, ఒడ్డున సకురా విరియుట, ప్రొద్దును మాపును ఆ నదికి కలుగు శోభ, ఇదియే అందలి విషయము. ఇందు దుఃఖము లేదు. స్వరము తెడ్డువేటువలె ఒక తూగుతో ముందునకు సాగును. జపాను వసంతమును గుఱించి తలచినంతనే ఆ దేశీయులకు నేటికిని స్ఫురించు మొదటి పాటలలో ఇది యొకటి.

రెండవ మహాకృతి ఇందుకు ప్రతిగ నిలుచును. మధ్యమ పాఠశాలల విద్యార్థులకు పాటల సంపుటము సిద్ధపరుపనెంచి, సంగీత పాఠశాలవారు ముందుగ కవులచే గీతములు వ్రాయించి, పిదప వానికి స్వరములు కోరిరి. 1901 మార్చిలో వెలువడిన ఆ సంపుటమున 38 పాటలు కలవు. వానిలో మూడింటికి రెంతారో స్వరములు ఎంపికయ్యెను. ఒకటి హకోనే కనుమల దుర్గమత్వమును పొగడు పాట. రెండవది తొయొతోమి హిదెయోషి యను వీరుని గూర్చినది. మూడవది కోజో నో త్సుకి. ఆ పేరునకు పాడువడిన కోటపై చంద్రుడని అర్థము.

ఈ మూడవ పాట రచించినవాడు ఉత్తరమున సెందాయి నగరమున పుట్టిన దోయి బన్‌సుయి. 1868నాటి అంతర్యుద్ధమున ముట్టడికి లోనైన ఐజు దుర్గమును, తన యూరి కోటను తలచుకొని అతడు ఈ గీతమును వ్రాసెను. ఒకప్పుడు వసంతమున పూలపండుగ జరిగిన మేడ, శరత్తున సైన్యము విడిసిన శిబిరము, నేడు తీగలల్లుకొన్న గోడ, నాటికిని నేటికిని మారని చంద్రుడు, ఇవి అందలి చిత్రములు. మాటలు రెంతారో చేతికి వచ్చినప్పుడు అతని కన్నులకు కట్టినది ఓకా కొండమీది రాతిగోడలు. కవి చూచినది ఉత్తరపు కోట. స్వరకర్త చూచినది దక్షిణపు కోట. ఒకరినొకరు ఎరుగని యిరువురు, దేశపు రెండు కొనలనుండి ఒకే పాటలో కలిసికొనిరి.

రెంతారో కూర్చిన స్వరము మిక్కిలి చిన్నది. ఎనిమిది తాళఖండముల వరుస మాత్రమే. వాద్య సహకారము సైతము అతడు వ్రాయలేదు. మొదటి చరణమున పూలపండుగను చెప్పు మాట చివర అతడు ఒక స్వరమును అరమెట్టు పైకెత్తెను. వినువారి చెవికి అచ్చట ఒక చిన్న కలత కలుగును. పండుగ జరుగుచుండగనే అది నిలువదను శంక ఆ ఒక్క అరమెట్టులో నున్నట్లు తోచును. బడిపిల్లలకై వ్రాసిన పాటలో ఇంతటి సూక్ష్మత నుంచుట ఆ యువకుని మనోధర్మమును తెలుపును.

పెద్దపిల్లలకు పాటలు కూర్చినవాడు పసిపిల్లలను మఱవలేదు. సంగీత పాఠశాలలో తనకు ముందు చదివిన హిగషి కుమే యను విదుషియు, ఆమె భర్తయు శిశువిద్యయందు శ్రద్ధగలవారు. బడిలో నేర్పు పాటలు గ్రాంథిక భాషలో నుండుటచే పిల్లలకు అర్థము కాకున్నవని వారు గ్రహించిరి. ఇంటిలో పిల్లలు పలుకు మాటలతోనే కుమే పాటలు వ్రాసెను. రెంతారో స్వరములు కూర్చెను. నూతన సంవత్సరము వచ్చుటకు ఇంక నెన్ని రాత్రులు నిదురింపవలెనో లెక్కించుకొను పిల్లల పాట వానిలో నొకటి. నేటికిని ప్రతి సంవత్సరాంతమునను ఆ దేశపు పసివారు దానిని పాడుదురు. ఈ శిశుగీత సంపుటము 1901 జులైలో వెలువడెను. అప్పటికి స్వరకర్త సముద్రము దాటి పోయి యుండెను.

లైప్‌జిగ్ నగరమున రెండు నెలలు

1901 ఏప్రిల్ 6వ తేదీన రెంతారో యొకొహామా రేవున ఓడ యెక్కెను. సకురా పూయు మాసముననే దేశమునకు వీడ్కోలు చెప్పెను. యూరప్ చేరి, బెర్లిన్ మీదుగ లైప్‌జిగ్ నగరమున నిలిచెను. బాఖ్ మహాశయుడు 1723 మొదలు 1750లో మరణించువఱకు పనిచేసిన నగరమది. అచ్చటి సంగీత కళాశాలను 1843లో మెండెల్సన్ స్థాపించెను. అక్టోబరులో రెంతారో ఆ కళాశాలలో ప్రవేశించి, పియానోను, స్వరసంయోజన శాస్త్రమును అభ్యసింప నారంభించెను. ఇన్నాళ్లు గ్రంథములనుండియు, గురువుల నోటనుండియు విన్న సంగీతము ఇప్పుడు వీథివీథిని వినబడుచుండెను.

ఈ భాగ్యము రెండు నెలలైన నిలువలేదు. శీతకాల మారంభమున అతనికి జలుబుతో మొదలైన వ్యాధి క్షయగ తేలెను. ఆ రోగకారకమగు సూక్ష్మజీవిని ఇరువది యేండ్ల క్రిందట, 1882లో, ఆ జర్మనీ దేశముననే రాబర్ట్ కాఖ్ కనిపెట్టియుండెను. రోగకారణము తెలిసెను గాని ఔషధము లేకుండెను. క్షయను నయముచేయు మొదటి మందు లభించుటకు ఇంకను నలువది యేండ్లు పట్టెను. రెంతారో ఆసుపత్రిలో నెలలు గడపెను. తుదకు స్వదేశమునకు మరలవలెనని ప్రభుత్వ మాజ్ఞాపించెను. మూడేండ్ల చదువునకు వచ్చినవాడు రెండు నెలల చదువుతో మరలెను.

1902 ఆగస్టు 24వ తేదీన బెల్జియములోని ఆంట్‌వెర్ప్ రేవునుండి వకాసా మారు అను జపాను ఓడ బయలుదేరెను. ఆ దినము రెంతారో జన్మదినము. 23 ఏండ్లు నిండెను. ఓడ దారిలో లండన్ చేరువనున్న టిల్బరీ రేవున ఆగెను. ఆ సమయమున దోయి బన్‌సుయి లండన్ నగరమున నుండెను. తన గీతమునకు స్వరము కూర్చిన యువకుడు రోగియై ఆ ఓడలో నున్నాడని తెలిసి, అతడు ఒక మిత్రునితో కూడి రేవునకు పోయి రెంతారోను చూచెను. కోజో నో త్సుకి కవియు స్వరకర్తయు ముఖాముఖి కలిసికొనుట అదియే మొదలు, అదియే తుద. పాట అప్పటికే జపాను బడులలో మారుమ్రోగుచుండెను. దానిని సృష్టించిన యిరువురు మాత్రము స్వదేశమునకు వేల మైళ్ల దూరమున, ఓడ కదలులోపల దొరకిన కొంతసేపు మాట్లాడుకొని విడిపోయిరి.

తుది రచన

ఓడ 1902 అక్టోబరు 17వ తేదీన యొకొహామా చేరెను. రెంతారో కొలది దినములు టోక్యోలో నిలిచి, పిదప ఓయితా నగరమున నున్న తలిదండ్రుల యొద్దకు పోయెను. ఆ సంవత్సరమున అతడు స్వరము కూర్చిన పాటలలో వీడ్కోలు పాట అను పేరుగలది యొకటి కలదు. వ్యాధి ముదురుచున్నను అతడు కలము విడువలేదు.

1903 ఫిబ్రవరి 14వ తేదీ వేసిన పియానో రచన యొకటి అతని తుది కృతి. దానికి ఉరామి అని పేరు. ఆ శబ్దమును జపాను భాషలో పగ యను అర్థమునను వాడుదురు. రెంతారో వ్రాసిన లిపి మాత్రము వేఱు. దాని అర్థము పగ కాదు. చేయదలచినది చేయజాలకపోతినను వెలితి. ఒకే ఉచ్చారణ గల రెండు పదములలో అతడు ఎన్నుకొన్నది పరులను నిందించునది కాక తన పనిని తలచుకొని బాధపడునది. మరణము నెదుట నిలిచిన యువకుని స్వభావమును తెలిసికొనుటకు ఈ ఒక్క అక్షరము చాలును.

1903 జూన్ 29వ తేదీన రెంతారో ఓయితాలోని ఇంట కన్నుమూసెను. అంటువ్యాధి భయముచే అతని వ్రాతప్రతులలో పెక్కింటిని కాల్చివేసిరని చెప్పుదురు. నేడు లభించు కృతులు 34 మాత్రమే. లైప్‌జిగ్ చదువు పూర్తియైనచో అతడేమి వ్రాసియుండెడివాడో ఊహింపవచ్చునే గాని చెప్పజాలము. ఉన్న కొలదియే ఒక జాతికి చాలినంత పని చేసెను.

పాట పొందిన ఆయువు

స్వరకర్త అల్పాయువయ్యెను గాని పాట దీర్ఘాయువయ్యెను. 1910 దశాబ్దము చివర యమదా కోసాకు అను ప్రసిద్ధ స్వరకర్త కోజో నో త్సుకికి పియానో సహకారము కూర్చెను. ఎనిమిది ఖండముల పాటను పదునాఱు ఖండములుగ సాగదీసి, నడక తగ్గించి, పూలపండుగ మాట చివరనున్న ఆ అరమెట్టును తీసివేసెను. ఈ రూపమున పాట మఱింత విషాదభరితమై దేశమంతట వ్యాపించెను. రెంతారో వ్రాసినట్లే పాడవలెననువారును, యమదా దిద్దుబాటే జపాను చెవికి సహజమనువారును నేటికిని కలరు. ఒక్క అరమెట్టు స్వరమును గుఱించి వంద యేండ్లు చర్చ సాగుటయు ఆ పాట గౌరవమునకు చిహ్నమే.

1967లో వెలువడిన తన సంపుటమున అమెరికను జాజ్ విద్వాంసుడు తెలోనియస్ మంక్ ఈ వరుసను వాయించి, దానికి జపాను జానపద గీతమని పేరు పెట్టెను. ఆ పేరు పొరపాటే. కాని నిన్నమొన్న పుట్టిన పాట తరతరముల జానపదమువలె తోచుటకంటె స్వరకర్తకు కావలసిన మెప్పు వేఱొకటి లేదు.

1978 ఏప్రిల్‌లో జర్మనీ దేశపు రాక్ బృందమైన స్కార్పియన్స్‌వారు టోక్యో నగరమున కచేరీలు చేసిరి. ఆ సభలలో వారు కోజో నో త్సుకిని జపాను భాషలోనే పాడిరి. ఆ కచేరీల ధ్వనిముద్రణము అదే సంవత్సరము వెలువడినది. గిటారు వాద్యకుడైన ఉలీ జాన్ రోత్ ఆ కచేరీలతో బృందమును విడిచెను. ఏ జర్మనీ దేశమున సంగీతము నేర్వబోయి రెంతారో రోగియై మరలెనో, ఆ దేశపు యువకులే టోక్యో వచ్చి అతని పాటను నేర్చి పాడిరి. ఎరువు తెచ్చిన విద్యకు వడ్డీతో తీరిన ఋణమిది.

ఉయెనోలోని కొయ్య సంగీతశాల నేటికిని ఉద్యానమున నిలిచియున్నది. దాని యెదుట రెంతారో విగ్రహము కలదు. ఓకా కోటలోని విగ్రహమును చెక్కినవాడు అసాకురా ఫుమియో. రెంతారో చదివిన తకెతా బడిలోనే అతని తరువాత చదివిన విద్యార్థి యతడు. తకెతా రైలు నిలయమున బండి వచ్చి ఆగునప్పుడు కోజో నో త్సుకి స్వరము వినిపింతురు. 1894లో పదునాలుగేండ్ల బాలుడు చదువుకై ఆ యూరిని విడిచిపోయెను. వీడ్కోలుకు ప్రసిద్ధమైన అతని స్వరమే నేడు ఆ యూరికి వచ్చువారికి స్వాగతము పలుకుచున్నది.